ఇమేజ్‌లు ఆపేస్తే స్క్రిప్ట్‌కి తెలుస్తుందా? బ్రౌజర్ల స్విచ్‌లు, టెస్టింగ్ పనిముట్ల రివ్యూ

ఒక పేజీ తీసుకుందాం. అందులో ఒక్క ఇమేజ్, దానికి రెండు హ్యాండ్లర్లు (ఏదైనా జరిగినప్పుడు నడిచే కోడ్ ముక్కలు) కట్టాం: ఇమేజ్ వస్తే పలికేది ఆన్‌లోడ్, రాకపోతే పలికేది ఆన్‌ఎర్రర్. ఫైర్‌ఫాక్స్‌లో ఇమేజ్‌లు ఆపి తెరిస్తే ఆన్‌ఎర్రర్ పలుకుతుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆపి తెరిస్తే రెండూ పలకవు. యాడ్ బ్లాకర్ రూల్‌తో ఆపితే మళ్లీ ఆన్‌ఎర్రర్. బొమ్మలను సీఎస్ఎస్‌తో (పేజీ రూపాన్ని నిర్ణయించే నియమాలతో) దాచే ఎక్స్‌టెన్షన్ వాడితే ఆన్‌లోడ్ పలుకుతుంది, అంటే అంతా సవ్యంగా ఉందనే జవాబు వస్తుంది. చూసేవాళ్ల కంటికి మాత్రం నాలుగు చోట్లా ఒకటే దృశ్యం: బొమ్మ లేదు.

ఇమేజ్‌లు ఆపడాన్ని ఒకే పనిగా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. లోపల మూడు వేర్వేరు పనులున్నాయి. ఇమేజ్ కావాలని అసలు అడగకపోవడం ఒకటి. అడిగాక దారిలో అడ్డుకోవడం రెండోది. తెచ్చుకుని కూడా చూపించకపోవడం మూడోది. "మా స్క్రిప్ట్ క్రోమ్‌లో పనిచేస్తోంది, ఫైర్‌ఫాక్స్‌లో చేయట్లేదు" అనే తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. డెవలపర్ ఒక పద్ధతితో టెస్ట్ చేస్తారు, వాడేవాళ్లు ఇంకో పద్ధతిలో ఆపి ఉంటారు. అందుకే ఈ రివ్యూలో ప్రతి పనిముట్టునూ ఒకే ప్రశ్నతో తూచాం: ఈ మూడింట్లో అది చేసేది ఏది?

క్రోమ్ సొంత స్విచ్

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాని కింద సైట్ సెట్టింగ్స్, అందులో కంటెంట్ విభాగంలో ఇమేజెస్. అంత తిరగడం ఎందుకనుకుంటే అడ్రస్ బార్‌లో క్రోమ్://సెట్టింగ్స్/కంటెంట్/ఇమేజెస్ అని కొడితే నేరుగా అక్కడే తేలతారు. అక్కడ అన్ని సైట్లకూ కలిపి ఆపొచ్చు, లేదా ఇమేజ్‌లు చూపకూడని సైట్ల జాబితాలో టెస్ట్ చేస్తున్న సైట్ ఒక్కదాన్నే చేర్చొచ్చు. రెండోదే వాడండి. మొత్తం ఆపేసి, సాయంత్రానికి మర్చిపోయి, మర్నాడు ఇంకో సైట్ విరిగిపోయిందని బగ్ రాయడం ఈ రంగంలో వింతేమీ కాదు. జాబితా మార్చాక పేజీని రీలోడ్ చేయాలి. ఇమేజ్‌లు ఆగాయని అడ్రస్ బార్‌లో చిన్న గుర్తు కూడా కనిపిస్తుంది.

ఈ స్విచ్ చేసేది మొదటి రకం పని. ఇమేజ్ కోసం అభ్యర్థన బయటికే వెళ్లదు. వెళ్లనిది విఫలం కాదు కాబట్టి ఎర్రర్ రాదు, రానిది పూర్తి కాదు కాబట్టి లోడ్ రాదు. ఇది క్రోమ్ లోపమని చాలామంది అనుకుంటారు. నిజానికి హెచ్‌టీఎంఎల్ ప్రమాణం చెప్పేదే ఇది: వాడేవాళ్లు ఇమేజ్‌లు ఆపి ఉంటే అభ్యర్థన స్థితిని అన్‌అవైలబుల్‌గా ఉంచి అక్కడితో వదిలేయాలి. లోడ్, ఎర్రర్ లాంటి ఏ ఈవెంటూ పంపమని ప్రమాణం అడగదు. కాబట్టి దీన్ని బగ్‌గా నమోదు చేయడం దండగ. ఎడ్జ్‌ది కూడా ఇదే ఇంజిన్ కాబట్టి అక్కడ సెట్టింగ్స్ పేజీ రూపం మారుతుందేమో గానీ ఫలితం మారదు.

ఆన్‌ఎర్రర్ ఒక్కదాన్నే నమ్ముకుని రాసిన స్క్రిప్ట్ నిజస్వరూపం బయటపడేది ఇక్కడే. టెస్టింగ్‌కి ముందుగా వాడాల్సింది ఈ స్విచ్‌నే.

ఫైర్‌ఫాక్స్

ఇక్కడ సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు. "ఇమేజ్‌లు ఆటోమేటిక్‌గా లోడ్ చేయి" అనే టిక్‌బాక్స్‌ని 2013లో 23వ వెర్షన్‌లో తీసేశారు. స్విచ్ మాత్రం లోపల అలాగే ఉంది. అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ అని కొట్టి, హెచ్చరికను దాటి, పర్మిషన్స్.డిఫాల్ట్.ఇమేజ్ అనే పేరు వెతకాలి. 1 ఉంటే అన్నీ వస్తాయి. 2 పెడితే ఏవీ రావు. 3 పెడితే పేజీ ఉన్న సైట్ ఇమేజ్‌లు మాత్రమే వస్తాయి, వేరే సైట్లవి ఆగుతాయి.

ఆ 3 అనే విలువ చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. సైట్ పేరు ఒకటి, బొమ్మలన్నీ వచ్చేది వేరే పేరుతో ఉన్న సీడీఎన్ (ఫైళ్లను వేగంగా అందించే సర్వర్ల వ్యవస్థ) నుంచి. ఇమేజ్‌లు వస్తున్నాయో లేదో స్క్రిప్ట్ తేల్చుకోవడానికి పరీక్ష కోసం పెట్టిన చిన్న ఇమేజ్ మాత్రం సొంత సర్వర్‌లో ఉంటుంది. 3 పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ చిన్న ఇమేజ్ హాయిగా వచ్చేస్తుంది, స్క్రిప్ట్ "ఇమేజ్‌లు ఆన్‌లోనే ఉన్నాయి" అంటుంది, పేజీలో మాత్రం ఒక్క ఫోటో కూడా ఉండదు. విరుగుడు తేలికే. పరీక్ష ఇమేజ్‌ని అసలు ఫోటోలు ఏ డొమైన్ నుంచి వస్తాయో అక్కడే పెట్టాలి. రెండు చోట్ల నుంచి వస్తుంటే రెండు పరీక్ష ఇమేజ్‌లు పెట్టాలి.

ఫైర్‌ఫాక్స్ చేసేది రెండో రకానికి దగ్గర. ఏది రానివ్వాలో తేల్చే కంటెంట్ పాలసీ కాదన్న వెంటనే ఎలిమెంట్ మీద ఎర్రర్ ఈవెంట్ పేలుతుంది. డెవలపర్‌కి ఇది వరం లాంటిది, వెంటనే తెలిసిపోతుంది. చిక్కేమిటంటే ఫైర్‌ఫాక్స్‌లో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకి ఈ సౌకర్యం అన్ని చోట్లా ఉంటుందనే భ్రమ పుడుతుంది.

ఇంకో మెలిక డేటా యూఆర్‌ఎల్, అంటే ఫైల్ మొత్తాన్నీ చిరునామాలోనే అక్షరాలుగా రాసేయడం. సర్వర్‌కి వెళ్లే శ్రమ ఎందుకని ఇమేజ్‌ని బేస్64లో స్క్రిప్ట్‌లోనే ఇరికించి పరీక్షిస్తుంటారు కొందరు. ఫైర్‌ఫాక్స్ పాలసీ చూసేది హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ లాంటి నెట్‌వర్క్ చిరునామాలనే. డేటా యూఆర్‌ఎల్ జోలికి పోదు. కాబట్టి ఇమేజ్‌లన్నీ ఆగినా ఆ ఇమేజ్ వచ్చేస్తుంది, జవాబు తప్పవుతుంది. పరీక్ష ఇమేజ్ తప్పనిసరిగా నెట్‌వర్క్ మీద నుంచే రావాలి.

రోజువారీ ప్రొఫైల్‌లో ఈ విలువ మార్చకండి. అబౌట్:ప్రొఫైల్స్‌లో టెస్టింగ్‌కి వేరే ప్రొఫైల్ ఒకటి తయారు చేసుకుని అందులోనే 2, 3 రెండూ పెట్టి చూడండి. రెండు నిమిషాల పని.

సఫారీ

మ్యాక్ కావాలి, మరో దారి లేదు. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి వెబ్ డెవలపర్ల సౌకర్యాలను ఆన్ చేస్తే మెనూలో డెవలప్ వస్తుంది. పాత వెర్షన్లలో ఇమేజ్‌లు ఆపే ఎంట్రీ ఆ మెనూలోనే ఉండేది. తర్వాత వెబ్ ఇన్‌స్పెక్టర్‌లోని డివైస్ సెట్టింగ్స్‌కి మార్చారు, జావాస్క్రిప్ట్ ఆపే టిక్ పక్కనే ఉంటుంది. ఇదీ మొదటి రకమే: అడగదు, ఈవెంట్ పంపదు. క్రోమ్ పూర్వీకుల్లో వెబ్‌కిట్ ఉంది కదా, పోలిక అక్కడి నుంచే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మూసేస్తే మామూలు స్థితికి వచ్చేస్తుంది కాబట్టి మర్చిపోయే బెడద తక్కువ. ఐఫోన్ సఫారీలో వాడేవాళ్లకి ఇలాంటి స్విచ్ లేదు. అక్కడ ఇమేజ్‌లు ఆగాయంటే కంటెంట్ బ్లాకర్ యాప్ ఏదో ఇమేజ్ రకం రిసోర్సులను అడ్డుకుంటోందన్నమాట.

డెవ్‌టూల్స్: ఉపయోగమే, కానీ ఈ పనికి కాదు

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ రిక్వెస్ట్ బ్లాకింగ్ అనే ప్యానెల్ ఉంది. నక్షత్రం గుర్తు, చుక్క, పీఎన్‌జీ అని ఒక నమూనా ఇచ్చి, జేపీజీకి ఇంకోటి, వెబ్‌పీకి ఇంకోటి చేర్చుకుంటూ పోవచ్చు. ఫైర్‌ఫాక్స్ నెట్‌వర్క్ ప్యానెల్‌లోనూ యూఆర్‌ఎల్ బ్లాక్ చేసే వీలుంది. ఇవి చేసేది కచ్చితంగా రెండో రకం. అభ్యర్థన పుట్టింది, అడ్డుపడింది, విఫలమైంది, ఆన్‌ఎర్రర్ పలికింది.

సీడీఎన్ పడిపోతే పేజీ ఎలా ఉంటుందో చూడ్డానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు. ఇమేజ్‌లు ఆపేసుకున్న మనిషికి పేజీ ఎలా ప్రవర్తిస్తుందో చూడ్డానికి మాత్రం ఇది అబద్ధం చెబుతుంది. టీమ్‌లో నలుగురూ డెవ్‌టూల్స్‌లో బ్లాక్ చేసి చూసి "బాగానే పట్టుకుంటోంది" అని ఓకే చేస్తారు. సెట్టింగ్స్‌లో ఆపుకున్న యూజర్ దగ్గర స్క్రిప్ట్ నోరు మెదపదు. పైగా పీఎన్‌జీ, జేపీజీ లాంటి ఫైల్ రకం పేరు లేని ఇమేజ్ చిరునామాలు ఈ నమూనాలకు చిక్కకుండా జారిపోతాయి.

రెండరింగ్ ట్యాబ్‌లో వెబ్‌పీ, ఏవీఐఎఫ్ ఫార్మాట్లను ఆపే టిక్‌లు కనిపిస్తాయి. వాటిని చూసి ఆశపడకండి. పిక్చర్ ఎలిమెంట్‌లో ఫాల్‌బ్యాక్ వస్తోందా లేదా అని చూడ్డానికి అవి.

ఆటోమేషన్

పప్పెటీర్, ప్లేరైట్, సెలీనియం బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే పనిముట్లు. ఇక్కడే ఎక్కువ సమయం వృథా అవుతుంది, కాబట్టి కాస్త వివరంగా.

పప్పెటీర్‌లో రిక్వెస్ట్ ఇంటర్‌సెప్షన్ ఆన్ చేసి, రిసోర్స్ టైప్ ఇమేజ్ అయితే అబార్ట్ చేయమని రాయడం అందరికీ అలవాటు. ప్లేరైట్‌లో రూట్ పెట్టి అబార్ట్ చేయడమూ అంతే. పేజీ త్వరగా లోడ్ కావడానికి ఈ చిట్కా బ్రహ్మాండం. ఇమేజ్‌లు ఆపిన స్థితిని అనుకరించడానికి పనికిరాదు, ఎందుకంటే ఇదీ అడిగాక కాదనడమే. టెస్ట్ పచ్చగా వెలుగుతుంది, లైవ్‌లో బగ్ అలాగే ఉంటుంది.

క్రోమియంలో (క్రోమ్‌కి ఆధారమైన బ్రౌజర్‌లో) అసలు స్థితికి దగ్గరగా వెళ్లే దారులు రెండు. బ్రౌజర్ మొదలెట్టేటప్పుడు బ్లింక్-సెట్టింగ్స్ అనే ఫ్లాగ్‌కి ఇమేజెస్‌ఎనేబుల్డ్ విలువను ఫాల్స్‌గా ఇవ్వడం ఒకటి. సెలీనియంలో అయితే ప్రొఫైల్ ప్రిఫరెన్సుల్లో డిఫాల్ట్ కంటెంట్ సెట్టింగ్ విలువల కింద ఇమేజెస్‌కి 2 పెట్టడం ఇంకోటి. రెండోదే మేలు, ఎందుకంటే మనిషి సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చితే మారేది ఆ విలువే. ఫైర్‌ఫాక్స్ డ్రైవర్‌కి ముందు చెప్పిన పర్మిషన్స్.డిఫాల్ట్.ఇమేజ్‌ని ప్రిఫరెన్స్‌గా పంపితే చాలు. విలువని అంకెగా పంపండి. కొటేషన్లలో పెట్టి "2" అని పంపితే అది టెక్స్ట్ అవుతుంది, ఫైర్‌ఫాక్స్ అంకె కోసం చూస్తుంది, టెస్ట్‌లో ఇమేజ్‌లు మామూలుగా వచ్చేస్తాయి.

యూబ్లాక్ ఆరిజిన్

ఇది యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్. క్రోమ్ పాత తరం ఎక్స్‌టెన్షన్లకు సెలవు ఇచ్చాక దీని పూర్తి రూపం క్రోమ్‌లో లేదు, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. ఇందులో పెద్ద మీడియా ఎలిమెంట్లను ఆపే బొత్తం ఒకటుంది. మామూలుగా 50 కేబీ దాటినవాటిని ఆపుతుంది, ఆ హద్దును సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. డేటా పొదుపు చేసుకునేవాళ్లకి ఇది నిజంగా మంచి సౌకర్యం.

ఇమేజ్‌లను పసిగట్టే స్క్రిప్ట్‌కి మాత్రం ఇది గడ్డు పరీక్ష. పరీక్ష కోసం పెట్టేది ఒక పిక్సెల్ జిఫ్, బరువు 43 బైట్లు. అది హద్దుకి ఎక్కడో కింద ఉంటుంది కాబట్టి దర్జాగా వచ్చేస్తుంది. 180 కేబీ బ్యానర్ మాత్రం రాదు. స్క్రిప్ట్ చెప్పేది నిజమే, కానీ పనికిరాని నిజం. దీనికి పరీక్ష ఇమేజ్‌తో పరిష్కారం లేదు. పేజీలోని అసలు ఇమేజ్‌ల మీదే చెవి పెట్టాలి. ఇమేజ్ ఎర్రర్ ఈవెంట్ పైకి బబుల్ కాదు (పై ఎలిమెంట్లకి పాకదు), అందుకే డాక్యుమెంట్ మీద మామూలు లిజనర్ పెడితే ఏమీ వినిపించదు. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇచ్చి క్యాప్చర్ దశలో వింటే ప్రతి ఇమేజ్ వైఫల్యమూ చేతికి చిక్కుతుంది. ఆ లిజనర్ స్క్రిప్ట్ హెడ్‌లోనే ఉండాలి. పేజీ చివర పెడితే అప్పటికే విఫలమైనవాటి గురించి తెలియదు.

బ్లాకర్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఫైల్ పేరు. పరీక్ష ఇమేజ్‌కి పిక్సెల్, ట్రాక్, బీకన్ లాంటి పేర్లు పెడితే ట్రాకర్లను ఆపే ఫిల్టర్ జాబితాలు దాన్ని పట్టుకుని ఆపే ప్రమాదం ఉంది. అప్పుడు బొమ్మలన్నీ చూస్తున్న మనిషికి "మీరు ఇమేజ్‌లు ఆపారు" అనే సందేశం కనిపిస్తుంది. తెల్ల-చుక్క.జిఫ్ లాంటి అమాయకమైన పేరు పెట్టండి.

పాత కాపుల సంగతి

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, మల్టీమీడియా కింద షో పిక్చర్స్ అనే టిక్ ఉండేది. 2022 జూన్ 15న దానికి సపోర్ట్ ముగిసింది, దాని కోసం ఇప్పుడు కోడ్ రాయక్కర్లేదు. పాత ఒపెరాలో కాష్‌లో ఉన్న ఇమేజ్‌లే చూపించు అనే మధ్యస్థ స్థితి ఉండేది. ఒకసారి వచ్చిన ఇమేజ్ మళ్లీ వస్తుంది, కొత్తది రాదు. పరీక్ష ఇమేజ్ చిరునామా చివర యాదృచ్ఛిక సంఖ్య తగిలించే ఆచారం అప్పట్లో ఇలాంటి చోట్ల బాగా అక్కరకొచ్చేది. 2013లో ఒపెరా క్రోమియం బాట పట్టాక ఆ ముచ్చట తీరింది. యూసీ బ్రౌజర్ మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి. క్రోమ్ లైట్ మోడ్ 2022 మార్చిలో ఆగిపోయింది. పాత కోడ్‌లో వీటి కోసం రాసిన షరతులు కనిపిస్తే నిస్సంకోచంగా తీసేయండి.

నావిగేటర్.కనెక్షన్.సేవ్‌డేటా ట్రూ అని వస్తే ఇమేజ్‌లు ఆగాయని రాసిన కోడ్ ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతోంది. అది డేటా పొదుపు కోరిక మాత్రమే, ఇమేజ్‌ల సంగతి చెప్పదు. సఫారీలో ఆ ఆబ్జెక్టే లేదు, డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్‌లోనూ లేదు. ఉందో లేదో చూడకుండా వాడితే స్క్రిప్ట్ అక్కడే కూలబడుతుంది.

అన్ని చోట్లా నిలబడే పద్ధతి

టైమర్ పెట్టి "రెండు సెకన్లలో రాకపోతే ఆగినట్టే" అనడం అందరికీ తట్టే ఉపాయం. నెట్ నత్తనడక నడిచే చోట రెండు సెకన్లలో హెచ్‌టీఎంఎల్ సగం కూడా దిగదు. టైమర్ కంటే నమ్మకమైనది విండో లోడ్ ఈవెంట్. పేజీలో అడిగిన ఇమేజ్‌లన్నీ వచ్చేదాకానో విఫలమయ్యేదాకానో అది ఆగుతుంది. అసలు అడగని ఇమేజ్ కోసం ఆగదు. అంటే విండో లోడ్ పలికే వేళకి పరీక్ష ఇమేజ్ కథ ఎటోవైపు తేలిపోయి ఉంటుంది. నెట్ ఎంత నెమ్మదిగా ఉందన్నది లెక్కలోకే రాదు.

కాబట్టి పరీక్ష ఇమేజ్‌ని స్క్రిప్ట్‌తో పుట్టించకుండా హెచ్‌టీఎంఎల్‌లోనే బాడీ మొదట్లో పెట్టండి. ఆల్ట్ (ఇమేజ్ బదులు చూపే అక్షరాలు) ఖాళీగా ఉంచితే స్క్రీన్ రీడర్ దాన్ని దాటిపోతుంది. లోడింగ్ లేజీ (తెర దగ్గరికి వచ్చేదాకా అడగొద్దు) అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. కొన్ని సీఎంఎస్‌లు (సైట్ కంటెంట్ నడిపే సాఫ్ట్‌వేర్లు), ప్లగిన్లు ప్రతి ఇమేజ్‌కీ ఆ యాట్రిబ్యూట్‌ని వాటంతటవే తగిలిస్తాయి, కాబట్టి లోడింగ్ ఈగర్ అని స్పష్టంగా రాసి, బయటికి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని ఒకసారి కళ్లతో చూసి నిర్ధారించుకోండి. లేజీగా ఉండి, దాచి కూడా ఉన్న ఇమేజ్‌ని బ్రౌజర్ ఎప్పటికీ అడగదు. అప్పుడు అందరి దగ్గరా ఇమేజ్‌లు ఆగినట్టే కనిపిస్తుంది.

విండో లోడ్ పలికాక ఆ ఇమేజ్ నేచురల్‌విడ్త్ (ఇమేజ్ అసలు వెడల్పు) చూడండి. సున్నా కంటే ఎక్కువైతే ఇమేజ్‌లు వస్తున్నాయి, పని అయిపోయింది. సున్నా అయితే రాలేదు. కంప్లీట్ అనే ప్రాపర్టీని ఒంటరిగా నమ్మకండి: ఇమేజ్ విరిగిపోయినా అది ట్రూ అంటుంది, చిరునామా ఖాళీగా ఉన్నా ట్రూ అంటుంది. పేజీలో ఆక్రమించిన వెడల్పు చెప్పే ఆఫ్‌సెట్‌విడ్త్ అంతకంటే అన్యాయం. ఫైర్‌ఫాక్స్‌లో రాని ఇమేజ్, దాని ఆల్ట్ అక్షరాలతో మామూలు ఇన్‌లైన్ టెక్స్ట్‌లా మారిపోతుంది, ఆల్ట్ ఎంత పొడవుంటే వెడల్పు అంత. క్రోమ్‌లో కొలతలు ఇచ్చి ఉంటే అదే కొలతల పెట్టె నిలుస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే లెక్క ఏదీ లేదు.

సున్నా వచ్చినప్పుడు ఇంకో అడుగు వేయాలి. ఆగిందా, సర్వర్ పడిపోయిందా? అదే చిరునామాని ఫెచ్‌తో (స్క్రిప్ట్ నుంచి నేరుగా ఫైల్ అడిగే ఫంక్షన్‌తో), కాష్ నో-స్టోర్ పెట్టి అడగండి. ఇమేజ్‌లను ఆపే సెట్టింగ్ ఇమేజ్‌గా అడిగినవాటికే వర్తిస్తుంది, ఫెచ్‌కి అడ్డు రాదు. స్టేటస్ 200 వచ్చి, కంటెంట్-టైప్ ఇమేజ్ అయితే సర్వర్ బాగానే ఉంది, మధ్యలో ఆపింది బ్రౌజరో బ్లాకరో. ఫెచ్ కూడా విఫలమైతే నెట్‌వర్క్ మీద అనుమానం పడాలి, యూజర్‌కి ఏ సందేశమూ చూపకూడదు.

ఇక్కడ ఆన్‌ఎర్రర్ పలికిందా లేదా అన్నది కూడా గుర్తుపెట్టుకుంటే కారణం తెలిసిపోతుంది. ఫెచ్ బాగుంది, ఎర్రర్ రాలేదు అంటే క్రోమ్, ఎడ్జ్, సఫారీల సొంత స్విచ్. ఫెచ్ బాగుంది, ఎర్రర్ వచ్చింది అంటే ఫైర్‌ఫాక్స్ ప్రిఫరెన్సో, బ్లాకర్ రూలో, మీరే రాసుకున్న సీఎస్‌పీనో (ఏ డొమైన్ల నుంచి ఏం రావచ్చో సైట్ బ్రౌజర్‌కి చెప్పే నియమాలు). ఆ చివరిది నవ్వులాట కాదు. ఇమేజ్-సోర్స్ డైరెక్టివ్‌లో పరీక్ష ఇమేజ్ డొమైన్ లేకపోతే అన్ని బ్రౌజర్లలోనూ ఎర్రరే వస్తుంది. కన్సోల్‌లో ఎర్ర అక్షరాలతో బ్రౌజర్ చెబుతూనే ఉంటుంది, చూసేవాళ్లుండాలి. ఫెచ్ కోసం కనెక్ట్-సోర్స్‌లోనూ ఆ డొమైన్ ఉండాలి. వేరే డొమైన్ అయితే దాని సర్వర్ కోర్స్ హెడర్లు (వేరే సైట్ స్క్రిప్ట్‌కి చదివే అనుమతి) కూడా ఇవ్వాలి, లేకపోతే సర్వర్ బాగున్నా ఫెచ్ విఫలమై నెట్‌వర్క్ మీద నింద పడుతుంది.

పరీక్ష ఇమేజ్ గురించి మూడు మాటలు. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వాడుతుంటే ఎంప్టీ-జిఫ్ మాడ్యూల్ ఫైల్ అవసరం లేకుండా మెమరీ నుంచే ఒక పిక్సెల్ జిఫ్ ఇస్తుంది, లొకేషన్ బ్లాక్‌లో ఒక్క లైను చాలు. ఎస్‌వీజీ వాడకండి, వెడల్పు ఎత్తు రాయని ఎస్‌వీజీకి నేచురల్‌విడ్త్ బ్రౌజర్‌ని బట్టి మారుతుంది. అనలిటిక్స్ కోసం ఉన్న బీకన్ చిరునామానే ఇక్కడా వాడేద్దామనుకుంటే అది ఏం తిరిగిస్తుందో ముందు చూసుకోండి. 204 అంటే ఖాళీ జవాబు. ఖాళీ నుంచి ఇమేజ్ రాదు, ప్రతి బ్రౌజర్లోనూ ఎర్రరే వస్తుంది.

సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌లకు పై పద్ధతి వర్తించదు. వాటికి ఎలిమెంట్ లేదు, ఈవెంట్ లేదు, గెట్‌కంప్యూటెడ్‌స్టైల్ అడిగితే ఇమేజ్ రాకపోయినా చిరునామా యథాతథంగా చెబుతుంది. అది నన్ అని వస్తే హై కాంట్రాస్ట్ మోడ్ అని గుర్తించే పాత ఉపాయం డోజో అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో ఉండేది. ఇప్పుడు ఫోర్స్‌డ్-కలర్స్ మీడియా క్వెరీ ఉండగా ఆ తిప్పలు అక్కర్లేదు. తెచ్చాక దాచే మూడో రకం ఎక్స్‌టెన్షన్లను కూడా ఈ పద్ధతి పట్టుకోలేదు. వాటి వెంట పడటం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

పట్టుకున్నాక ఏం చేయాలి

హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కి ఒక క్లాస్ తగిలించండి, మిగతాది సీఎస్ఎస్ చూసుకుంటుంది. ఐకాన్ మాత్రమే ఉన్న బొత్తాలకి అక్షరాలు చూపించడం, బ్యానర్ కోసం వదిలిన 400 పిక్సెళ్ల ఖాళీ ఎత్తు తగ్గించడం, తెల్ల అక్షరాల వెనక ముదురు రంగు పరచడం. ఆ మూడోది నిజానికి స్క్రిప్ట్ లేకుండానే జరగాల్సిన పని: బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ ఇచ్చిన ప్రతి చోటా బ్యాక్‌గ్రౌండ్ కలర్ కూడా ఇస్తే సరిపోతుంది. ఫలితాన్ని సెషన్ స్టోరేజ్‌లో దాచి పేజీ పేజీకీ మోయకండి. యూజర్ మధ్యలో ఇమేజ్‌లు ఆన్ చేస్తే ట్యాబ్ మూసేదాకా పాత జవాబే నడుస్తుంది. 43 బైట్ల కోసం అంత పొదుపు అనవసరం.

"దయచేసి ఇమేజ్‌లు ఆన్ చేయండి" అని అడ్డంగా పెట్టె తెరవడానికి ఒక్క సందర్భంలోనే అర్థముంది: ఇమేజ్ కాప్చా ఉన్న ఫారం. బొమ్మ కనిపించకపోతే అక్కడ పని ముందుకు సాగదు. అప్పుడు కూడా పక్కనే ఆడియో కాప్చా ఉంచితే ఆ పెట్టె అవసరం చాలామందికి పడదు.

తెలుగు సైట్లు నడిపేవాళ్లు ఇమేజ్‌లు ఆపి చూడాల్సిన చోటు ఇంకోటుంది. ప్రకటనలనూ నోటీసులనూ స్కాన్ చేసి ఇమేజ్‌గా పెట్టే అలవాటు మనకి ఎక్కువ, ఆల్ట్‌లో "ఇమేజ్1" అని ఉంటుంది. సరే, ఆల్ట్‌ని తెలుగులో శ్రద్ధగా రాశారనుకుందాం. క్రోమ్ ఆ అక్షరాలను ఇమేజ్‌కి ఇచ్చిన కొలతల పెట్టెలోనే ఇరికించి, మిగిలింది కత్తిరిస్తుంది. 120 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉన్న పెట్టెలో ఇంగ్లిష్ ముక్క ఒక వరుసలో ఇమిడిపోవచ్చు గానీ తెలుగు వాక్యం రెండో వరుసకి దిగి మాయమవుతుంది. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరాలైతే మొదటి వరుసలోనే తెగుతాయి. ఇమేజ్‌లు లేవని తెలిసినప్పుడు తగిలించే ఆ క్లాస్ కింద ఇమేజ్ ఎత్తుని ఆటోగా, లైన్-హైట్‌ని 1.6 దగ్గర పెట్టి ఒకసారి క్రోమ్ స్విచ్‌తో చూడండి.